తడి తెడ్డు

బాల్తజార్‌ను మట్టిలో పెట్టి వచ్చిన మర్నాడు గానీ ఫెలిస్మీనాకు బాన సంగతి గుర్తు రాలేదు. ఇంటి నిండా పరామర్శకు వచ్చిన జనం. మొగుడు పోయిన మనిషి ఏమైనా తినాలని ఎవరో చేతిలో పెట్టిన గిన్నెను బల్ల మీద వదిలేసి, నల్ల శాలువా నెత్తిన వేసుకుని, పెరటి గుండా వైన్ తయారుచేసే కొట్టుకు పరుగెత్తింది.

పరుగెత్తక ఏం చేస్తుంది? తెల్లద్రాక్ష తొక్కి, తొక్కలూ గింజలూ రసమూ కలిపి మనిషికంటే ఎత్తైన మట్టిబానలో పోశాక అది కుతకుతా పొంగుతుంది. తొక్కలన్నీ పైకి తేలి మందంగా మూతపడతాయి. పొద్దునా సాయంత్రమూ ఎవరో ఒకరు నిచ్చెన ఎక్కి పొడుగాటి తెడ్డుతో వాటిని కిందికి నొక్కాలి. నొక్కకపోతే లోపలి గాలికి దారి దొరక్క బాన పగిలిపోతుంది. పక్కింటి అనిసేతు వాళ్ళ నాన్న బాన ఒకసారి అలాగే పగిలి, వీధి చివరిదాకా వైన్ పారింది. ఆ రోజు ఊళ్ళో కోళ్ళు కూడా తిన్నగా నడవలేదని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. అనిసేతు మాత్రం నవ్వడు.

బాల్తజార్ మంచం పట్టినప్పటి నుంచి బానకు దిక్కు లేదు. శవం ఇంట్లో ఉన్న రోజూ, పాతిపెట్టిన రోజూ ఎవరూ కొట్టు వైపే చూడలేదు. ఫెలిస్మీనా నడుముకున్న తాళంచెవి తీసి తలుపు తోసింది. పెంకులు, నేలంతా మడుగు, ఆ ఏటి కష్టమంతా మట్టిపాలు, ఇవే చూస్తాననుకుంది.

ఏమీ కాలేదు. బాన దాని చోట అది నిక్షేపంగా ఉంది. సన్నని మంట మీద గంజి ఉడుకుతున్నట్టు లోపల చిన్న చప్పుడు. తెడ్డు గోడకు ఆనించి ఉంది. దాని అంచు నుంచి రసం చుక్కలు చుక్కలుగా నేల మీద పడుతోంది.

అనిసేతు పుణ్యం కట్టుకున్నాడు అనుకుంది ఫెలిస్మీనా. గోడకు చేరగిలబడి, మూడు రోజులుగా రాని ఏడుపు అప్పుడు ఏడ్చింది. తాళంచెవి తన నడుముకే ఉందన్న సంగతి అప్పుడు ఆమెకు తట్టలేదు.

అనిసేతు చేత ఎందుకు కలిపించుకోవాలి, ఆమెకు చేతులు లేవా అని మీరు అడగొచ్చు. మా ఊళ్ళో అప్పట్లో ఒక పద్ధతి ఉండేది. ద్రాక్ష కోయడానికి ఆడవాళ్ళు కావాలి. పుచ్చు కాయలు ఏరడానికి కావాలి. ఖాళీ బానలోకి దిగి నడుం విరిగేలా కడగడానికీ కావాలి. బాన పొంగుతున్నప్పుడు మాత్రం ఆడది నిచ్చెన ఎక్కకూడదు, వైన్ విరిగిపోతుందట. ఇది ఎవరు కనిపెట్టారో తెలియదు గానీ, ఎవరో నిచ్చెన ఎక్కి పెత్తనం చేయడం బాగా అలవాటైన మగవాడే కనిపెట్టి ఉంటాడు. ఫెలిస్మీనా ముప్పై ఏళ్ళు ఆ నిచ్చెన పట్టుకుని కింద నిలబడింది. ఒక్క మెట్టు ఎక్కలేదు.

అందుకే ఆ చివరి సాయంత్రం ఆమె నోటికి వేరే మాట దొరకలేదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరి, బాల్తజార్ మాట్లాడటానికి రెండు మూడు సార్లు ఊపిరి తీసుకోవలసి వస్తోంది. అయినా వాడికి బానే ధ్యాస.

"ఎవరు కలుపుతారే?" అన్నాడు.

"ఎవరో ఎందుకు? పొద్దున్నే లేచి నువ్వే కలుపుదువుగానిలే. పడుకో" అంది ఫెలిస్మీనా.

బాల్తజార్ తల ఊపాడు. మాట ఇచ్చినవాడిలా ఊపాడు. తెల్లారేసరికి పోయాడు.

వారం గడిచాక ఒక సాయంత్రం అనిసేతు తన గడప మీద కూర్చుని చెస్ట్‌నట్ కాయలకు గాట్లు పెడుతుంటే, ఫెలిస్మీనా వెళ్ళి పక్కన నిలబడింది. ఈ వారం రోజులూ పొద్దునా సాయంత్రమూ ఆమె వెళ్ళి చూసేసరికి తెడ్డు తడిగానే ఉంటోంది. అనిసేతు బాల్తజార్‌కు చిన్నప్పటి నుంచి జతగాడు, వాళ్ళ కూతురు ఇల్దాకు జ్ఞానస్నానం ఇప్పించిన జ్ఞానతండ్రి. ఇంత చేసిన మనిషికి ఒక మాట చెప్పాలి కదా.

"నీ మేలు మర్చిపోలేను అనిసేతూ. నువ్వు కలపకపోతే ఆ బాన ఏమయ్యేదో."

అనిసేతు చాకు ఆపాడు. "నేనా? నీ కొట్టు గడప తొక్కి నెలవుతోంది వదినా. తాళం నీ నడుముకే వేలాడుతోందిగా." తర్వాత అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నువ్వే కలుపుతున్నావని నాకు తెలుసులే. నేనెవరికీ చెప్పను."

ఫెలిస్మీనా ఇంటికి వచ్చేసింది. దారిలో ఒక్కొక్కటే మనసులో తేలాయి. తెడ్డు ఉంటున్నది నిచ్చెనకు ఎడమ పక్కన. పలక పైకి, పిడి కిందికి. ఊళ్ళో అందరూ కుడి పక్కన, పలక కిందికి పెడతారు. ఎడమచేతి వాటం వాడు ఊళ్ళో ఒక్కడే ఉండేవాడు. చిన్నప్పుడు బళ్ళో పంతులు ఎంత కొట్టినా వాడికి ఆ వాటం పోలేదు.

ఆ రాత్రి ఆమెకు కంటి మీద కునుకు లేదు. భయం వేసింది. ఆ భయం కిందే ఇంకేదో ఉంది, దాన్ని సంతోషం అనడానికి ఆమెకు సిగ్గేసింది.

తూరుపు తెల్లబడే వేళకు వెళ్ళి కొట్టులో ముక్కాలిపీట మీద కూర్చుంది. తలుపు లోపలి నుంచి గడియ పెట్టింది. పై గవాక్షం నుంచి బూడిదరంగు వెలుగు బాన భుజం మీద పడుతోంది. చాలాసేపు బాన ఉడుకుతున్న చప్పుడే. తర్వాత నిచ్చెన మూడో మెట్టు కిర్రుమంది. బాల్తజార్ బరువుకు ఆ మెట్టు ఎప్పుడూ అలాగే కిర్రుమనేది, మార్చమని ఆమె ఏళ్ళ తరబడి సణిగింది.

నిచ్చెన మీద ఎవరూ లేరు. ఆమె కళ్ళు ఆర్పకుండా చూస్తూనే ఉంది. తొక్కలు నెమ్మదిగా కిందికి దిగుతున్న చప్పుడు, వాటి పక్కల నుంచి గాలి తన్నుకొస్తున్న చప్పుడు, మళ్ళీ నొక్కిన చప్పుడు వినిపించాయి. చివర్లో బాన లోపల ఎవరో దగ్గారు. ఆ ఘాటు ముక్కుకెక్కి వాడు ఎప్పుడూ అలాగే దగ్గేవాడు, బాన ఆ దగ్గును పెద్దది చేసి బయటికి పంపేది. ఫెలిస్మీనా పీట మీద నుంచి లేచింది. గోడ వైపు చూసేసరికి తెడ్డు అక్కడే ఉంది. నిన్నటి మరక పక్కన కొత్త చుక్కలు పడుతున్నాయి.

ఆ మర్నాడూ వెళ్ళింది. ఆ తర్వాత రోజూ వెళ్ళింది. భయం మెల్లగా అలవాటులోకి దిగింది. ఆమె పీట మీద కూర్చుని కబుర్లు చెప్పేది. ఇల్దా బేజ పట్నం నుంచి కబురు పంపిందనీ, పాల మేకకు కాలు బెణికిందనీ, చర్చిలో వాడి పేరున ప్రార్థన చేయించాననీ చెప్పేది. వాడికిష్టమైనవి వండి పట్టుకెళ్ళేది. వెల్లుల్లీ కొత్తిమీరా ఉప్పేసి నూరి, ఆలివ్ నూనె పోసి, మరిగే నీళ్ళు కుమ్మరించి, అందులో పాత రొట్టె ముక్కలు వేసిన అసోర్ద. పైన ఒక గుడ్డు. బాన నుంచి వచ్చే తెల్ల వైన్‌కు అదొక్కటే సరైన జోడీ అని బాల్తజార్ వాదన. కాదంటే నిప్పుల మీద కాల్చిన ఉప్పుచేప, వేయించిన ఏటి చేపలు, గట్టిపడిన గొర్రెపాల చీజ్. ఎవరైనా మర్యాద తెలియక పక్కన తియ్యటి కేకు పెడితే, పళ్ళెం బల్ల అవతలి చివరికి తోసేసేవాడు.

అసోర్ద చల్లారిపోయేది. మూడో మెట్టు, తొక్కల చప్పుడు, దగ్గు, అంతే. వాడు తన కోసం రాలేదని, పని కోసం వచ్చాడని ఫెలిస్మీనాకు తెలుస్తూనే ఉంది. బతికున్నప్పుడూ అంతే కదా, ఈ నెలల్లో మనిషికి బాన తప్ప ఇల్లు గుర్తుండేది కాదు. "నీకెప్పుడూ అదే గోల" అని ఒక రోజు విసుక్కుంది కూడా. విసుక్కున్నాక హాయిగా అనిపించింది.

అక్టోబరు సగమయ్యేసరికి బాన చల్లబడింది. ఉడుకు ఆగింది. ఇప్పుడు ఎవరూ ముట్టుకోకూడదు. తొక్కలన్నీ వాటంతట అవే కింద దిగి గట్టిగా పేరుకోవాలి. రసం వాటి గుండానే వడగట్టుకుని తేటపడాలి. పైన నాలుగు వేళ్ళ మందాన ఆలివ్ నూనె పోసి మూత వేస్తే, నవంబరులో వచ్చే సాన్ మార్తీన్యు పండగ నాటికి కింద బెజ్జం తెరిచి తాగొచ్చు. ఫెలిస్మీనా ఆలివ్ నూనె సిద్ధం చేసుకుని పొద్దున వెళ్ళింది. తెడ్డు తడిగా ఉంది.

ఒక రోజు ఆగి చూసింది. మళ్ళీ తడి. సాయంత్రమూ తడే. నాలుగో రోజున తెడ్డును భుజాన వేసుకుని ఇంటికి తెచ్చి, రొట్టెల పొయ్యి వెనక దాచి పైన గోనెపట్ట కప్పింది.

మర్నాడు కొట్టులో దీపం పెట్టి చూస్తే తొక్కలు కలిపే ఉన్నాయి. బాన మూతి లోపలి వైపున, గుగ్గిలం పూసిన నల్లటి మట్టి మీద, చెయ్యి రాసుకుపోయిన జాడ ఉంది. వేళ్ళు, మణికట్టు, మోచేయి దాటి భుజం దాకా. ఎడమ చెయ్యి. నిచ్చెన మెట్ల మీద తడి తొక్కలు అంటుకుని ఉన్నాయి. లోపల దగ్గు ఆగకుండా వస్తోంది, చలికాలం నీళ్ళలో చెయ్యి పెట్టినవాడి దగ్గు.

ఫెలిస్మీనా ఇంటికెళ్ళి తెడ్డు తెచ్చి దాని చోట పెట్టింది. ఎడమ పక్కన, పలక పైకి. "ఇదుగో, ఇక్కడే ఉంది" అంది. దగ్గు తగ్గింది.

పండగ దగ్గరపడుతుండగా అనిసేతు వచ్చి, ఎప్పటిలాగే బాన పొట్ట మీద వేలి కణుపుతో కొట్టుకుంటూ కిందిదాకా వచ్చాడు. తొక్కలు ఇంకా దిగలేదని ఆ చప్పుడుకే తెలిసి ముఖం మాడ్చుకున్నాడు. బెజ్జం దగ్గర బెండు కొంచెం వదులు చేసి గ్లాసులో పట్టాడు. కుడితిలా ఉంది. అయినా నోట్లో పోసుకుని కళ్ళు మూసుకున్నాడు. ముందు నోటికి తగిలింది బాల్తజార్ చేతి వైనే. ఎండిన నారింజ తొక్క, మగ్గిన బేరిపండు, తేనెమైనం, తొలకరికి తడిసిన మట్టి, అన్నీ వచ్చాయని చెప్పాడు. ఆ తర్వాత పెదవులు ముడిచాడు.

"వదినా, ఇక చెయ్యి తియ్యి. నిచ్చెన ఎక్కావని నేను తప్పు పట్టను, దుఃఖంలో ఉన్నావు. కానీ చివర్న పులుపు తగులుతోంది. ఇంకో పది రోజులు ఇలా గాలి తగిలిందా, ఇది వైన్ కాదు. బాల్తజార్ ఆఖరి బానతో ఊరంతా ఉల్లిపాయలు ఊరబెట్టుకుంటుంది."

నేను కాదు అని చెప్పబోయి ఆగింది ఫెలిస్మీనా. ఎవరని చెప్తుంది?

ఆ మధ్యాహ్నం ఊరి చివర ఉన్న ఎతెల్వీనా ఇంటికి వెళ్ళింది. ఎతెల్వీనా బాల్తజార్‌కు అక్క. ఊళ్ళో ఎవరు పోయినా స్నానం చేయించేది ఆమే. తమ్ముడికీ ఆమే చేయించింది, ఒక్క చుక్క కన్నీరు రాలకుండా. ఫెలిస్మీనా చెప్పిందంతా వింది, పిచ్చిదాన్ని చూసినట్టు చూడలేదు. ఒక్కటే అడిగింది.

"చివర్న వాడితో ఏమన్నావు?"

ఫెలిస్మీనా చెప్పింది.

"పోయేవాడి చేతిలోంచి పని తీసుకుంటారు గానీ, చేతిలో పెడతారా ఎవరైనా?" అంది ఎతెల్వీనా. "నేను చూసుకుంటాలే, నువ్వెళ్ళు అని ఒక్క మాట అనాలి. మా అమ్మ పోతున్నప్పుడు ఆవిడ చేతిలో కుట్టుపని నేను లాక్కున్నాను."

"అంటే పోతాడని ఒప్పుకున్నట్టేగా."

"మరి పోలేదా?"

ఫెలిస్మీనా తల వంచుకుంది. ఎతెల్వీనా గొంతు కాస్త మెత్తబడింది. వాడి చేతిలోంచి తెడ్డు తీసుకోవాలనీ, నోటి మాట చాలదనీ, వైన్ విషయంలో వాడు బతికుండగానే ఎవరి మాటా వినలేదనీ చెప్పింది. తీసుకున్నాక మళ్ళీ రాడా అని ఫెలిస్మీనా అడిగితే, ఎతెల్వీనా లేచి ఆమెను తలుపు దాకా సాగనంపింది.

రేపు చెప్తాను అనుకుంది ఫెలిస్మీనా. పొద్దున పీట మీద కూర్చుంటే మూడో మెట్టు కిర్రుమంది. ఇవాళ్టికి ఉండనీ అనుకుంది. మర్నాడూ అదే అనుకుంది. ఆ కాస్త చప్పుడు లేకపోతే ఆ ఇంట్లో ఇక తన చప్పుడొక్కటే. ఒకవైపు వాడి ఆఖరి వైన్ తన కళ్ళ ముందే చచ్చిపోతోంది. ఇంకోవైపు వాడు రోజూ పొద్దున్నే వస్తున్నాడు. రెండూ దక్కవు. కొట్టులో గాలి కూడా మారింది. వెళ్ళగానే ముక్కుకు తగిలే బేరిపండు వాసన పలచబడి, దాని వెనక వెనిగర్ పొడుచుకొస్తోంది. అయినా ఆమె వెళ్ళి కూర్చుంటూనే ఉంది.

సాన్ మార్తీన్యు నాడు ఊరంతా గ్లాసులు పట్టుకుని కొట్టు కొట్టుకూ తిరిగింది. ఏటా మొదట తెరిచేది బాల్తజార్ బానే. ఆ ఏడు జనం ఆ తలుపు ముందుకు వచ్చేసరికి పాట ఆపి, టోపీలు తీసి దాటిపోయారు. గవాక్షం కింద నిలబడి ఫెలిస్మీనా ఆ అడుగుల చప్పుడు వింది. ఆమె వెనక బానలో వాడు కలుపుతూనే ఉన్నాడు, పండగ వచ్చిందని తెలియదు, వైన్ ఇంకా కాలేదనుకుంటున్నాడు. ఎలా అవుతుంది? కలుపుతున్నంత కాలం అది తేటపడదు. తేటపడనంత కాలం వాడు కలుపుతాడు. ఇక వాడికి విశ్రాంతి అనేదే లేదు. ఆ ఆలోచన వచ్చాక ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు పొద్దున అసోర్ద చేయలేదు. పావడా అంచు నడుంలో దోపుకుని, మూడో మెట్టు కిర్రుమనేదాకా ఆగి, ముప్పై ఏళ్ళుగా కింద నుంచి పట్టుకున్న నిచ్చెన మీద మొదటిసారి కాలు పెట్టింది. మూడో మెట్టు ఆమె కాలి కింద కిర్రుమనలేదు. అక్కడ అంతకుముందే బరువుంది.

పైకి వెళ్ళేసరికి చలి వేసింది. బాన మూతిలోంచి తెడ్డు పిడి నిలువుగా లేచి ఉంది. ఎవరూ పట్టుకోకుండానే నెమ్మదిగా కిందికి దిగుతోంది, పైకి వస్తోంది. ఫెలిస్మీనా రెండు చేతులూ చాచి పిడి పట్టుకుంది. అది ఆగింది. అవతలి నుంచి ఎవరో గట్టిగా లాగారు. ఆమె అరచేతుల కింద, చెక్కకూ చర్మానికీ మధ్య, చల్లగా తడిగా ఇంకో చెయ్యి ఉంది. కాయలు కాసిన ఆ చెయ్యి ఆమెకు తెలుసు.

"ఇటివ్వు బాల్తజార్" అంది. "ఆ రోజు అబద్ధం చెప్పాను. నువ్వు లేవవని నాకు తెలుసు. ఇటివ్వు, నేను చూసుకుంటా."

లాగడం ఆగలేదు.

"నాకు చేతకాదనా? కింద నిలబడి ముప్పై ఏళ్ళు చూశాను. నీ పని అయిపోయింది. ఇక నాది."

బాన లోపల దగ్గు వచ్చింది. ఈసారి దూరంగా, వీధి మలుపు తిరిగినవాడి దగ్గులా వచ్చింది. అరచేతుల కింద చల్లదనం ఒక్కో వేలే విడిచిపెట్టింది. ఆ వెంటనే తెడ్డు బరువంతా ఆమె చేతుల్లోకి వచ్చి పడింది. నిచ్చెన మీద తూలి నిలదొక్కుకుంది. అది అంత బరువుంటుందని ఆమెకు అంతవరకూ తెలియదు.

కిందికి దిగి, తెడ్డు కడిగి, కుడి పక్కన పలక కిందికి పెట్టింది. నూనె తెచ్చి, మళ్ళీ నిచ్చెన ఎక్కి బానలో పోసి, మూత వేసి, ఆ మూత మీద చెయ్యి ఉంచి చాలాసేపు ఏడ్చింది. మర్నాడు తెడ్డు పొడిగా ఉంది. ఆ తర్వాత రోజూ పొడిగానే ఉంది. ప్రతి పొద్దునా వెళ్ళి అరచేత్తో తడిమి చూసి, ఇంటికి వచ్చేసేది.

క్రిస్మస్ ముందు సాయంత్రం బాన తెరిచారు. అనిసేతు సుత్తి తెచ్చి ఒక్క క్షణం తటపటాయించి ఫెలిస్మీనా చేతికిచ్చాడు. ఆమె బెండు ఊడగొట్టి చెక్క కుళాయి దిగ్గొట్టింది. ముందు సన్నగా, తర్వాత నిండుగా, పాత బంగారం రంగులో తేటగా పారింది. బల్ల మీద ఉడికించిన ఉప్పుచేప, క్యాబేజీ, బంగాళాదుంపలు, వాటి మీద వెల్లుల్లి కాచిన నూనె ఉన్నాయి. అనిసేతు తాగాడు. ఎతెల్వీనా తాగింది. ఇల్దా తాగి, నాన్న వాసన వస్తోందని కళ్ళు తుడుచుకుంది.

ఫెలిస్మీనా చివర్న తాగింది. నారింజ తొక్క, బేరిపండు, మైనం, తడిమట్టి, నాలుక అంచున బాదంగింజ చేదు. అంతా బాల్తజార్‌దే. అంతా దిగిపోయాక గొంతులో సూదిమొనంత పులుపు మిగిలింది.

అనిసేతు, వేయించిన చేపలకైతే ఈ పులుపే బాగుంటుందని సర్దబోయాడు.

"సర్దకు అనిసేతూ" అంది ఫెలిస్మీనా. "వైన్ వాడిది. ఆ చివరి పులుపు నాది."

ఎతెల్వీనా తన గ్లాసు ముందుకు జరిపి ఇంకొంచెం పొయ్యమంది.